కుడివైపు గడిలో ఇంగ్లీషు కొట్టేసి చూడు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది ఖమ్మం జిల్లా. బీఎస్సీ నర్సింగ్ చేసి, హైదరాబాద్‌లో జర్మన్ భాషలో బీ1 స్థాయి పూర్తి చేసుకుని, ఐదు నెలల క్రితం ష్టుట్‌గార్ట్ దగ్గర ఒక ఆసుపత్రిలో చేరాను. నర్సుగా గుర్తింపు ఇంకా రాలేదు, సహాయకురాలిగా చేస్తున్నాను. నా దగ్గర ఒక నోటుబుక్ ఉంది. ఎడమవైపు జర్మన్ క్రియ, కుడివైపు ఇంగ్లీషు అర్థం. నాలుగు వందల పైనే రాశాను, అన్నీ నోటికొచ్చు. కానీ వార్డులో అడుగుపెడితే ఒక్కటీ పనికి రావట్లేదు. మొన్న ఒక పెద్దాయన 'ఎస్ త్సీట్, ఎస్ త్సీట్' అని అరిచాడు. 'త్సీయెన్' అంటే 'పుల్' అని నా పుస్తకంలో ఉంది. సెలైన్ గొట్టం లాగుతోందేమోనని చేతికున్న టేపంతా విప్పి చూశాను. ఆయనేమో కిటికీ వైపు చూపిస్తున్నాడు! ఇంకో ఆవిడ 'మీర్ ఇస్ట్ ష్లెష్ట్' అంది. ష్లెష్ట్ అంటే 'బ్యాడ్' కదా, మనసు బాగోలేదేమోనని పక్కన కూర్చుని ఓదార్చాను. రెండు నిమిషాల్లో నా మీదే వాంతి చేసుకుంది. హెడ్ నర్సు ఏ పని చెప్పినా చివర్లో 'బెషైట్' అని ఏదో అంటుంది, నేను తల ఊపుతాను. మూడు నెలల్లో దాని పై మెట్టు, బీ2 పరీక్ష. బాగా టెన్షన్‌గా ఉంది. ఇంకో నాలుగు వందలు బట్టీ పడితే గట్టెక్కుతానా? మరో చిన్న సందేహం: సాయంత్రం వెళ్లేటప్పుడు అందరూ 'షోనెన్ ఫైయరాబెంట్' అంటారు. దానికి ఏమని బదులివ్వాలి?

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నువ్వనే రాస్తాను. జర్మన్లయితే 'జీ' (మీరు) నుంచి 'డూ' (నువ్వు)కి దిగే ముందు ఒకరినొకరు అడుగుతారు. మనకి వరస కలిస్తే చాలు.

నీ యూనిఫాం సంగతికి వస్తే, నాది నీకంటే ఘనమైన కథ. నేను ఈ దేశం వచ్చిన మొదటి నెలలో, ఒక వృద్ధాశ్రమంలో, ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని 'ఇష్ ముస్ మాల్' అంది. నా బుర్ర దాన్ని ఇంగ్లీషులోకి మార్చుకుంది: 'ఐ మస్ట్ వన్స్...'. సరే, ఏం చెయ్యాలో ఇప్పుడు చెబుతుందని మర్యాదగా నవ్వుతూ నిలబడ్డాను. ఆవిడ వాక్యం అక్కడితో అయిపోయింది. కాసేపటికి దుప్పటి మార్చాల్సి వచ్చింది. బాత్‌రూమ్‌కి వెళ్లాలన్న మాటని జర్మన్లు 'ఇష్ ముస్ మాల్' దగ్గరే ఆపేస్తారు. మనం 'ఒకసారి వెళ్లాలి' అని ఊరుకోమూ, అలాగే. ఆ రోజు ఇంగ్లీషు మీదుగా వెళ్లకుండా నేరుగా తెలుగులోకి వచ్చి ఉంటే నాకు ఇట్టే అర్థమయ్యేది.

నాలుగు వందల క్రియలు నోటికొచ్చాయంటే నీ జ్ఞాపకశక్తికి ఢోకా లేదు. ఇంకో నాలుగు వందలు వద్దు. ఉన్నవాటిలోనే కుడివైపు ఇంగ్లీషు కొట్టేసి తెలుగు రాయి. అదీ 'లాగు', 'చెడ్డ' అని పొడిపొడిగా రాయకు, ఖమ్మంలో మీ అమ్మ అదే సందర్భంలో ఏమంటుందో అది రాయి.

ఎందుకంటే, ఒక జర్మన్ అమ్మాయి తెలుగు నేర్చుకుంటోందనుకో. 'పడు' అంటే 'ఫాల్' అని నోటుబుక్‌లో రాసుకుంది. మర్నాడు నువ్వు వెళ్లి భయపడ్డాను, కష్టపడ్డాను, జబ్బుపడ్డాను, తొందరపడ్డాను అన్నావు. పొద్దుటి నుంచి ఇన్నిసార్లు పడ్డ మనిషికి ఎముకలేమైనా మిగిలాయా అని ఆ పిల్ల కంగారుపడుతుంది. 'వేయు' అంటే 'త్రో' అని రాసుకున్నది కాస్తా ఆకలేస్తోంది, చలేస్తోంది, భయమేస్తోంది అనేసరికి ఎవరు ఎవరిమీద ఏం విసురుతున్నారో తెలియక బిక్కచచ్చిపోతుంది. ఆకలి ఎందుకు 'వేస్తుందో' నువ్వైనా చెప్పగలవా? నేను చెప్పలేను. పక్కన ఉన్న మాటతో కలిపి పుట్టినప్పటి నుంచి విన్నాం, అంతే. జర్మన్‌లో గేయెన్, కొమ్మెన్, మాఖెన్, త్సీయెన్, లాస్సెన్ లాంటివి మన పడు, వేయు, పట్టు, పో లాంటివే. వాటిని విడిగా పట్టుకుంటే చేతికి ఏమీ రాదు.

నీ పెద్దాయన 'ఎస్ త్సీట్' అన్నది చల్లగాలి కొడుతోందని. ఎదురెదురు కిటికీ, తలుపు తెరిచి ఉంటే మధ్యలో పడుకున్నవాడికి తగిలే గాలి అది. తలకి మంచు తగిలితే పడిశం పడుతుందని మన పెద్దవాళ్లకి ఎంత నమ్మకమో, ఆ గాలి తగిలితే మెడ పట్టేస్తుందని ఇక్కడి పెద్దవాళ్లకి అంత నమ్మకం. తమాషా ఏమిటంటే అదే మనుషులు చలికాలంలో కూడా కిటికీలు బార్లా తెరిచి గదికి గాలి పెట్టాలంటారు, దానికి 'ల్యుఫ్టెన్' అని ఒక క్రియే పెట్టుకున్నారు. అయితే జాగ్రత్త, పొత్తికడుపు మీద చెయ్యి వేసుకుని 'ఎస్ త్సీట్' అంటే అక్కడ పీకుతున్నట్టు నొప్పిగా ఉందని అర్థం. మాట వింటూనే చెయ్యి ఎక్కడుందో కూడా చూడు.

'మీర్ ఇస్ట్ ష్లెష్ట్' దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే ఇక్కడే తెలుగువాళ్లం అదృష్టవంతులం. 'మీర్' అంటే 'నాకు'. ఇంగ్లీషులో చలేసినా, వికారంగా ఉన్నా, బోర్ కొట్టినా అన్నిటికీ ముందు 'ఐ' వచ్చి కూర్చుంటుంది. జర్మన్‌లోనూ తెలుగులోనూ ఇలాంటివి మనం చేసే పనులు కావు, మనకి జరిగేవి. 'మీర్ ఇస్ట్ కాల్ట్' అంటే నాకు చలేస్తోంది. 'మీర్ ఇస్ట్ ష్విండెలిష్' అంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి. 'మీర్ ఇస్ట్ ష్లెష్ట్' అంటే నాకు కడుపులో తిప్పుతోంది, కాబట్టి ముందు గిన్నె అందుకో, తర్వాత ఓదార్చు. 'మీర్' బదులు ఇంగ్లీషు అలవాటుతో 'ఇష్ బిన్' అన్నావో, మనిషే మారిపోతుంది. 'మీర్ ఇస్ట్ లాంగ్‌వైలిష్' అంటే నాకు బోర్ కొడుతోంది, 'ఇష్ బిన్ లాంగ్‌వైలిష్' అంటే నేనే బోర్ మనిషిని. ఉక్కపోస్తోందని చెప్పబోయి 'ఇష్ బిన్ హైస్' అంటే ఏమవుతుందో నేను ఇక్కడ రాయను గానీ, బ్రేక్ రూమ్‌లో అందరూ నీ వైపు తిరుగుతారు. 'మీర్ ఇస్ట్ హైస్' అను.

ఇదే దారిలో ఇంకొన్ని వెళ్తాయి. 'ఎస్ గెఫెల్ట్ మీర్' అంటే నాకు నచ్చింది. నచ్చినది ఆ వస్తువు, నచ్చింది నాకు, రెండు భాషల్లోనూ వాక్యం ఒకే తీరు. 'డేర్ నామె ఫెల్ట్ మీర్ నిష్ట్ ఐన్' అంటే నాకు పేరు గుర్తుకు రావట్లేదు. ఇంగ్లీషులో 'ఐ కాంట్ రిమెంబర్' అని మనం చేతకానివాళ్లమైపోతాం, తెలుగులోనూ జర్మన్‌లోనూ తప్పు ఆ పేరుదే, అది రావట్లేదు. 'డాస్ ఇస్ట్ మీర్ ఎగాల్' అంటే నాకు ఏదైనా ఒకటే. డాక్టరు 'వాస్ ఫేల్ట్ ఈనెన్?' అని అడిగితే మాటకి మాటగా 'మీకేం తక్కువైంది?' అని. తెలుగులో అలా అంటే పోట్లాటకి వచ్చినట్టు ఉంటుంది, అక్కడ మాత్రం 'ఏమిటండీ ఇబ్బంది?' అని ఆప్యాయంగా అడగడం.

కానీ 'నాకు' అని తెలుగులో వచ్చిన ప్రతిచోటా 'మీర్' పెట్టకు. ఆకలి, దాహం, జ్వరం, నొప్పి, భయం లాంటి పేర్లుంటే 'ఇష్ హాబె' అంటారు: ఇష్ హాబె హుంగర్, ఇష్ హాబె ఫీబర్. చల్లగా, వేడిగా, వికారంగా లాంటి గుణాలైతే 'మీర్ ఇస్ట్'. నిద్రొస్తోంది, ఒంట్లో బాగోలేదు, ఈ రెండూ మాత్రం 'ఇష్ బిన్ ముయ్‌డె', 'ఇష్ బిన్ క్రాంక్'. వీటికి కారణం అడగకు, ఆకలి ఎందుకు వేస్తుందని నేను నిన్ను అడగనట్టే.

ఇక 'గేయెన్'. నీ నోటుబుక్‌లో దాని పక్కన 'గో' అని ఉంటుంది, పందెం. రోజుకి వంద సార్లు వినపడే ఈ మాటలో వెళ్లడం పది సార్లు కూడా ఉండదు. దాని పక్కన 'కుదరడం' అని రాసి చూడు. 'డాస్ గేట్' అంటే కుదురుతుంది. 'డాస్ గేట్ నిష్ట్' అంటే కుదరదు. 'గేట్ డాస్?' అంటే కుదురుతుందా. ఎవరైనా తూలి పడబోతే 'గేట్స్?' అని అడుగుతారు, అంటే 'ఏం కాలేదుగా?' అని. ఎలా ఉన్నారని అడిగితే పేషెంటు మొహం ఒక పక్కకి పెట్టి 'ఎస్ గేట్' అంటాడు, అది మన 'ఆ, పర్లేదు', అంతగా బాగోలేదనే అర్థం. 'డాస్ గేట్ డిష్ నిష్ట్స్ ఆన్' అని ఎవరైనా అంటే 'నీకెందుకు' అంటున్నారు, అక్కడి నుంచి మెల్లగా తప్పుకో.

'కొమ్మెన్' కూడా అంతే, రావడం తక్కువ, మిగతాది ఎక్కువ. 'కొమ్ట్ డ్రౌఫ్ ఆన్' అనేది జర్మన్ల జాతీయ సమాధానం. ఇంగ్లీషులో 'ఇట్ డిపెండ్స్', తెలుగులో 'దాన్ని బట్టి ఉంటుంది'. ఇంగ్లీషులో 'దాన్ని' అన్న మాటే లేదు, జర్మన్‌లో ఆ 'డ్రౌఫ్' అదే. 'కొమ్ట్ నిష్ట్ ఇన్ ఫ్రాగె' అంటే 'ఆ ప్రసక్తే లేదు'. మాటకి మాట ఇంత చక్కగా కుదిరిందాన్ని మధ్యలో ఇంగ్లీషు తిప్పి తేవడం, ఖమ్మం నుంచి వరంగల్‌కి విజయవాడ మీదుగా వెళ్లినట్టు ఉంటుంది. హెడ్ నర్సు 'కొమ్స్ట్ డూ క్లార్?' అని అడిగితే 'క్లియర్‌గా వచ్చావా' అని తికమకపడకు. 'నువ్వు చూసుకోగలవా?' అంటోంది. చూసుకోగలిగితే 'యా, ఇష్ కొమ్మె క్లార్' అను. లేకపోతే లేదని చెప్పు.

'మాఖెన్' గురించి ఎక్కువ రాయను, కిరాణా కొట్టుకి వెళ్తే అదే వస్తుంది. 'వాస్ మాఖ్ట్ డాస్?' అంటే ఎంతయింది. 'డాస్ మాఖ్ట్ నిష్ట్స్' అంటే పర్లేదులే. 'మాఖ్స్ గూట్' అంటే ఉంటాను మరి, జాగ్రత్త. నాకు అన్నిటికంటే ఇష్టమైనది 'బ్లౌమాఖెన్'. విడగొడితే 'నీలం చేయడం'. అంటే ఏమిటో ఊహించు చూద్దాం... డ్యూటీకి డుమ్మా కొట్టడం. డుమ్మాకి నీలానికి ఏమిటి సంబంధమని నన్నడక్కు, ముందు డుమ్మాని ఎందుకు 'కొడతామో' నాకు చెప్పు.

'లుస్ట్' అన్న మాట విని ఖంగు తినకు. 'హాస్ట్ డూ లుస్ట్ ఔఫ్ కాఫె?' అని తోటి ఉద్యోగి అడిగితే అందులో ఇంగ్లీషు 'లస్ట్' ఏమీ లేదు, 'కాఫీ తాగుదామా' అంటున్నాడు. 'కైనె లుస్ట్' అంటే మూడ్ లేదు.

ఇంకోటి, 'మాల్'. మనం ఇంగ్లీషులో 'కమ్ వన్స్', 'సీ వన్స్' అంటే స్కూల్లో టీచర్లు తిట్టేవాళ్లు గుర్తుందా? ఇక్కడ ఆ తిట్లన్నిటికీ వడ్డీతో సహా న్యాయం జరుగుతుంది. 'కొమ్ మాల్' అంటే 'ఒకసారి రా'. 'గుక్ మాల్' అంటే 'ఇటు చూడు ఒకసారి'. ఈ 'మాల్' 'ఐన్‌మాల్'కి పొట్టి రూపం, అంటే అచ్చంగా ఒకసారి. మనలాగే వాళ్లు కూడా మాటలోని కరుకుదనం తగ్గించడానికే దాన్ని వాడతారు. మాల్ లేకుండా 'కొమ్' అంటే ఆర్డరేసినట్టు ఉంటుంది.

ఇప్పుడు నువ్వు తల ఊపుతున్న 'బెషైట్'. 'జాగ్ మీర్ బెషైట్' అంటే నాకు కబురు చెయ్యి, నాకో మాట చెప్పు. ఆవిడ బహుశా రోజూ అంటున్నది 'అయిపోయాక నాకో మాట చెప్పు' అనో, 'కుదరకపోతే చెప్పు' అనో అయి ఉంటుంది. నువ్వు తల ఊపి, పని బాగానే చేసి, ఆవిడకి చెప్పకుండా వెళ్లిపోతున్నావు. పని రాదని కాదు గానీ చెప్పి వెళ్లదని ఆవిడ అనుకుంటూ ఉండవచ్చు. రేపటి నుంచి వెళ్లి 'ఇష్ బిన్ ఫెర్టిష్' అని చెప్పు, అయిపోయిందని. 'ఇష్ వైస్ బెషైట్' అంటే నాకు సంగతి తెలుసు. పన్ను ఆఫీసు నుంచో మరో ఆఫీసు నుంచో ఇంటికి వచ్చే నిర్ణయం కాగితాన్ని కూడా బెషైట్ అనే అంటారు, అది వస్తే మాత్రం చదవకుండా పక్కన పెట్టకు.

ఇప్పుడు కాస్త సీరియస్ విషయం. జర్మన్‌లో కొన్ని క్రియల తల తెగి వాక్యం చివర పడుతుంది. ఆన్‌రూఫెన్ అంటే ఫోన్ చేయడం. వాక్యంలో 'ఇష్ రూఫె జీ మోర్గెన్ నాఖ్ డేమ్ డీన్స్ట్ ఆన్' అవుతుంది, రేపు డ్యూటీ అయ్యాక ఫోన్ చేస్తానని. ఇంగ్లీషు అలవాటైన చెవి క్రియ వినపడగానే వాక్యం అర్థమైపోయిందనుకుని ఊరుకుంటుంది. తెలుగు చెవికి ఆ ధైర్యం ఉండదు, ఎందుకంటే 'రేపు పెళ్లికి అందరం కలిసి వెళ్...' దగ్గర ఆగితే వెళ్తామో, వెళ్లమో తెలియదు. చివరి అక్షరం దాకా వినే అలవాటు మనకి పుట్టుకతో ఉంది, దాన్ని ఇక్కడ పారేసుకోకు. అపాయింట్‌మెంట్ విషయంలో 'జాగె ... త్సూ' అంటే వస్తున్నట్టు, 'జాగె ... ఆప్' అంటే రద్దయినట్టు. డాక్టరు ఒక మందుని 'ఆన్‌జెట్సెన్' అంటే మొదలుపెట్టమని, 'ఆప్‌జెట్సెన్' అంటే ఆపేయమని. మధ్యలో ఎంత పొడుగు వాక్యం ఉన్నా తేడా అంతా ఆ చివరి ఆన్, ఆప్ దగ్గరే. ఫోన్‌లో ఈ రెండూ సరిగా వినపడవు. కాబట్టి నువ్వు విన్నది తిరిగి చెప్పి అడుగు: 'హాబె ఇష్ డాస్ రిష్టిష్ ఫెర్‌ష్టాండెన్?' నాకు సరిగానే అర్థమైందా అని. ఇలా అడిగితే నవ్వుతారేమో అనుకుంటావు. నవ్వరు. అర్థం కాకుండా తల ఊపేవాళ్లంటేనే వార్డులో అందరికీ భయం.

'హోరెన్' చూడు, ఇంకా సరదా. 'హోర్ త్సూ' అంటే విను. 'హోర్ ఔఫ్' అంటే ఇక ఆపు. అదే 'హోర్ ఔఫ్ మిష్' అంటే నా మాట విను. మనం కూడా 'విను' అంటే చెవితో వినడం, 'మాట విను' అంటే చెప్పినట్టు చేయడం అని రెండు రకాలుగా అంటాం కదా. ఇక 'ఉమ్‌ఫారెన్' అని ఒకటుంది, 'ఉమ్' మీద ఒత్తి పలికితే బండితో గుద్దేయడం, 'ఫా' మీద ఒత్తితే గుద్దకుండా పక్కనుంచి తిప్పుకుని పోవడం. డ్రైవింగ్ నేర్చుకునేటప్పుడు నేను ఆ మాటే వాడలేదు.

'జిష్' అన్న చిన్న మాట నీ నోటుబుక్‌లో ఉందా? ఉంటే ఇంగ్లీషు వైపు ఏమీ రాసి ఉండవు, ఎందుకంటే అక్కడ చాలాసార్లు దానికి మాట లేదు. తెలుగులో మాత్రం ఉంది: 'కొను'. వేసుకోవడం, కడుక్కోవడం, పడుకోవడం, గుర్తు తెచ్చుకోవడం, పరిచయం చేసుకోవడం, చూసుకోవడం, వీటన్నిటిలోనూ మనకి 'కొను' ఉంది, జర్మన్‌లో 'జిష్' ఉంది: జిష్ ఆన్‌త్సీయెన్, జిష్ వాషెన్, జిష్ హిన్‌లేగెన్, జిష్ ఎరిన్నెర్న్, జిష్ ఫోర్‌ష్టెల్లెన్, జిష్ క్యుమ్మెర్న్. చేతులు కడుక్కోవడం 'ఇష్ వాషె మీర్ డీ హెండె', అందులో ఆ 'మీర్' మన 'కు'లో దాక్కున్న 'కొను'యే ('నేను' దగ్గర జిష్ కాస్తా మీర్‌గానో మిష్‌గానో మారుతుంది). తొందరపడటం, చిరాకు పడటం లాంటివి తెలుగులో 'పడు'కి వెళ్తే జర్మన్‌లో మళ్లీ జిష్‌కే వస్తాయి. ప్రతిదీ కలవదు, పెళ్లి చేసుకోవడానికి జిష్ అక్కర్లేదు. కానీ జిష్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి అర్థమే మారిపోవచ్చు. 'ఇష్ త్సీయె ఉమ్' అంటే ఇల్లు మారుతున్నాను, 'ఇష్ త్సీయె మిష్ ఉమ్' అంటే బట్టలు మార్చుకుంటున్నాను. మధ్యలో 'మిష్' మర్చిపోయి నేను ఒకసారి మా సూపర్‌వైజర్‌తో 'ఐదు నిమిషాల్లో ఇల్లు మారి వచ్చేస్తా' అన్నాను. ఆవిడ చాలా మర్యాదగా 'సామాన్లు ఎక్కువ లేవా?' అని అడిగింది.

'లాస్సెన్' కూడా తెలుగు దారిలోనే అర్థమవుతుంది. నోటుబుక్‌లో 'లెట్' అని ఉండి ఉంటుంది. సగం వాక్యాల్లో అది మన 'చేయించు': సైకిల్ బాగు చేయించడం, రక్తం పరీక్ష చేయించుకోవడం. ఇంకో సగంలో 'వదిలెయ్', 'వద్దులే'.

ఇప్పటిదాకా చెప్పినవి జర్మనీలో ఎక్కడైనా చెల్లుతాయి. నువ్వున్నది ష్వాబియన్ అనే యాస మాట్లాడే ప్రాంతం కాబట్టి ఇది నీకు ప్రత్యేకం, హైదరాబాద్ క్లాసులో చెప్పరు. 'లౌఫెన్' అంటే 'రన్' అని నువ్వు నేర్చుకుని ఉంటావు. ఆపరేషన్ అయిన మర్నాడు డాక్టరు 'జీ జొల్ లౌఫెన్' అంటే ఆ ముసలావిడని పరిగెత్తించమని కాదు, నడిపించమని. ష్వాబియన్‌లో పరిగెత్తడాన్ని 'ష్ప్రింగెన్' అంటారు, మిగతా జర్మనీలో దానికి గెంతడమని అర్థం. అన్నిటికంటే నీకు ముఖ్యమైనది 'హేబెన్'. పుస్తకంలో 'లిఫ్ట్', ఎత్తడం. మీ వార్డులో పెద్దవాళ్లు 'హేబ్ మాల్' అంటే మాత్రం 'కాస్త పట్టుకో' అంటున్నారు, ఎత్తమని కాదు. ఎత్తడానికి వాళ్లకి 'లుప్ఫెన్' అని వేరే మాట ఉంది. ఒక పెద్దాయన చేతికర్ర పట్టుకోమంటే నేను ఆయన్నే లేపబోయాను. నడుం పట్టేసింది, నాది.

'షాఫెన్' అనేది కూడా అక్కడ రెండు వేషాల్లో తిరుగుతుంది. 2015 ఆగస్టు 31న అప్పటి జర్మనీ చాన్సలర్ అంగెలా మెర్కెల్ శరణార్థుల గురించి బెర్లిన్‌లో 'వీర్ షాఫెన్ డాస్' అన్నప్పుడు ఇంగ్లీషు పేపర్లు 'వియ్ కెన్ డూ ఇట్' అని రాశాయి. నన్నడిగితే నువ్వు ప్రశ్నలో వాడిన మాటే దానికి దగ్గర: 'గట్టెక్కుతాం'. ష్టుట్‌గార్ట్ దగ్గర మాత్రం పొద్దున్నే 'షాఫె' అని బయల్దేరే మనిషి మామూలుగా పనికి వెళ్తున్నాడు, ఏ గట్టూ ఎక్కడం లేదు.

ఇంగ్లీషుని పూర్తిగా పారేయమని నేననను. ట్రింకెన్, హెల్ఫెన్, ఫిండెన్, బ్రింగెన్ లాంటివి డ్రింక్, హెల్ప్, ఫైండ్, బ్రింగ్‌కి అన్నదమ్ములు, వాటి దగ్గర ఇంగ్లీషే హాయి. ఔఫ్‌గేబెన్ అంటే 'గివ్ అప్', పక్కాగా అదే. అన్నదమ్ముల్లా కనిపించి మోసం చేసేవీ ఉన్నాయి: 'బెకొమ్మెన్' అంటే దొరకడం, తీసుకోవడం, ఇంగ్లీషు 'బికమ్' కాదు, హోటల్లో నేను కోడికూర అవుతానని ఆర్డరిచ్చినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. 'ఇష్ విల్' అంటే నాకు కావాలి, చేస్తానని కాదు. తెలుగు చేతులెత్తేసే చోట్లూ ఉన్నాయి. దేనికోసం ఎదురుచూస్తున్నామో చెప్పడానికి 'వార్టెన్ ఔఫ్', దేని గురించి తలుచుకుంటున్నామో చెప్పడానికి 'డెంకెన్ ఆన్'. ఆ ఔఫ్, ఆన్ ఎందుకొచ్చాయో ఏ భాషా చెప్పదు. వాటిని క్రియతో అతికించి బట్టీ పట్టు, అక్కడ బట్టీయే మందు.

ఇక చేయవలసింది. నోటుబుక్‌లో కొత్త పేజీ తెరువు. రోజూ వార్డులో నిజంగా విన్న మూడు వాక్యాలు, ఎవరు ఎప్పుడు అన్నారో కూడా కలిపి రాయి: 'ఏడో నంబర్ గది తాత, కిటికీ తెరిచినప్పుడు, ఎస్ త్సీట్'. పేషెంట్ల పేర్లు మాత్రం రాయకు, అది ఇక్కడ పెద్ద తప్పు. పక్కన మీ ఊరి తెలుగు. సాయంత్రం బస్సులో జర్మన్ మూసి తెలుగు చూసి చెప్పు, మర్నాడు తెలుగు మూసి చెప్పు. బీ2కి మూడు నెలలుందంటే రమారమి 270 వాక్యాలు. నీ నాలుగు వందల కంటే తక్కువే, కానీ ప్రతి దాని వెనకా ఒక మనిషి, ఒక గది ఉంటాయి. అర్థం కానప్పుడు 'వీ మైనెన్ జీ డాస్?' అని అడుగు, అంటే మీ ఉద్దేశం ఏమిటని. మనుషులు అదే సంగతిని ఇంకోలా చెబుతారు, నీకు ఆ రోజు నాలుగో వాక్యం ఉచితంగా వస్తుంది.

చివరిగా ఫైయరాబెంట్. ఇంగ్లీషులో దీనికి ఒక్క మాట లేదు, అందుకే నీ పుస్తకంలోకి ఎక్కలేదు. మనకుంది: డ్యూటీ దిగడం. డ్యూటీ దిగాక మిగిలే సాయంత్రం అంతా ఫైయరాబెంట్, పొద్దున షిఫ్టు వాళ్లకి మధ్యాహ్నం రెండింటికే మొదలైనా దాని పేరు అదే. 'ఫైయరాబెంట్ మాఖెన్' అంటే ఇక చాలించి ఇంటికి పోవడం. ఎవరైనా 'షోనెన్ ఫైయరాబెంట్' అంటే, వాళ్లు కూడా వెళ్తుంటే 'డాంకె, డీర్ ఔఖ్' అను. హెడ్ నర్సుని ఇంకా 'జీ' అనే పిలుస్తుంటే 'డాంకె, ఈనెన్ ఔఖ్'. ఆవిడకి ఇంకా డ్యూటీ మిగిలి ఉండి నువ్వు ముందు వెళ్తుంటే మాత్రం అలా అనకు, పుండు మీద కారం చల్లినట్టు ఉంటుంది. ఉత్త 'డాంకె, బిస్ మోర్గెన్' చాలు, థాంక్స్, రేపు కలుద్దాం అని.